21వ పిన్ దగ్గర పుట్టే బొమ్మ

టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ యంత్రం ఫ్యామికామ్‌ని వెనక్కి తిప్పి చూస్తే బొమ్మ బయటికి రావడానికి ఒక్కటే రంధ్రం కనిపిస్తుంది, అదీ యాంటెన్నా వైరుది. టీవీనా గేమా అని ఎంచుకోవడానికి ఒక చిన్న స్విచ్, ఒకటో ఛానెలా రెండో ఛానెలా అని చెప్పడానికి ఇంకొకటి ఉంటాయి. కంట్రోలర్లకైతే గుచ్చి పీకే సాకెట్లే లేవు. రెండింటి వైర్లూ వెనక నుంచి నేరుగా డబ్బా లోపలికి వెళ్లిపోతాయి. వైరు లోపల తెగిందంటే మూత విప్పాల్సిందే.

నింటెండో ఈ యంత్రాన్ని 1983 జూలై 15న జపాన్‌లో 14,800 యెన్లకు అమ్మకానికి పెట్టింది. పదేళ్ల తర్వాత, 1993 డిసెంబరులో, అదే కంపెనీ దీన్ని కొత్త రూపంలో తెచ్చింది. అందులో కంట్రోలర్లు ఊడదీసుకోవచ్చు, బొమ్మ ఏవీ (ఆడియో-వీడియో) తీగ మీద వస్తుంది. పాత డబ్బా తెరిచి సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే వాళ్లు ఈ రోజుకీ చేసేది సరిగ్గా ఆ రెండు మార్పులే. ఏ సాకెట్ కొనాలి అన్న దగ్గర చాలామంది మొదలుపెడతారు. నేనైతే సిగ్నల్ ఎక్కడ పుడుతోంది, ఎక్కడ పాడవుతోంది అని ముందు వెతకమంటాను. అది తెలిశాక సాకెట్ సంగతి దానంతట అదే తేలిపోతుంది.

యాంటెన్నా దారిలో బొమ్మ ఎలా వెళ్తుందో చూడండి. ఫ్యామికామ్ ఒక బుల్లి టీవీ స్టేషన్ లాగా పనిచేస్తుంది. లోపల తయారైన బొమ్మని 91.25 మెగాహెర్ట్జ్ తరంగం మీద ఎక్కిస్తే అది జపాన్ ఒకటో ఛానెల్, 97.25 మీద ఎక్కిస్తే రెండో ఛానెల్. చాలా దేశాల్లో ఆ చోటు ఎఫ్ఎమ్ రేడియోది. అందుకే జపాన్ బయట దీన్ని టీవీకి తగిలిస్తే ఛానెల్ దొరకడమే కష్టం. అమెరికాలో కేబుల్ ఛానెళ్లు 95, 96లలో వెతుక్కుంటారు. ఛానెల్ దొరికినా టీవీ ఆ తరంగం నుంచి బొమ్మని మళ్లీ విడదీయాలి, శబ్దాన్ని వేరు చేయాలి, వడగట్టాలి. ఎక్కించేటప్పుడు కొంత, దించేటప్పుడు కొంత పోతుంది. చివరికి తెర మీద ఇసుక చల్లినట్టు మసక బొమ్మ మిగులుతుంది.

మరి ఎక్కించక ముందు ఆ బొమ్మ ఎక్కడుంది? 2సీ02 అనే 40 కాళ్ల చిప్ దగ్గర ఉంది. తెర మీద కనిపించే ప్రతి చుక్కనీ తయారుచేసేది ఇదే. ఆ చుక్కలన్నీ దాని 21వ పిన్ (కాలు) మీంచి బయటికి వస్తాయి.

ఆ పిన్ మీద వచ్చేది ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని విడివిడిగా ఉన్న సిగ్నల్ కాదు. అసలు ఈ చిప్‌లో ఆ మూడు రంగులు ఎక్కడా లేవు. బోర్డు మీది ప్రధాన గడియారం సెకనుకి 2 కోట్ల 14 లక్షల 77 వేల సార్లు కొట్టుకుంటుంది. అప్పటి జపాన్, అమెరికా టీవీలు రంగుని గుర్తుపట్టే 3.58 మెగాహెర్ట్జ్ తరంగానికి ఇది సరిగ్గా ఆరు రెట్లు. గడియారం పైకి లేచేటప్పుడు ఒకసారి, కిందికి దిగేటప్పుడు ఒకసారి లెక్కపెడితే ఒక్కో రంగు తరంగానికి పన్నెండు మెట్లు దొరుకుతాయి. ఏ మెట్టు దగ్గర అల మొదలైందన్నదే రంగు. అల ఎంత ఎత్తులో ఊగుతోందన్నది వెలుగు. ఆకాశం నీలంగా ఉండాలంటే చిప్ ‘నీలం’ అని ఎక్కడా చెప్పదు, పన్నెండు మెట్లలో ఫలానా మెట్టు మీద అల మొదలుపెడుతుంది. దాన్ని నీలంగా చదువుకునే పని టీవీది. ఇంత తక్కువ సామాగ్రితో రంగు పుట్టించిన ఆలోచన చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అందువల్ల అందరికీ అందే మార్పు ఇది: 21వ పిన్ మీది సిగ్నల్‌ని యాంటెన్నా దారి పట్టకముందే తీసుకుని, పసుపు రంగు ఏవీ సాకెట్ నుంచి బయటికి పంపడం. ఆ పిన్ నుంచి నేరుగా టీవీకి వైరు లాగితే మాత్రం పని జరగదు. టీవీ వైపు 75 ఓముల భారం ఉంటుంది, అంత భారం లాగే బలం చిప్‌కి లేదు. మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ పెడితే వోల్టేజీ పెంచకుండానే సిగ్నల్‌కి బలం ఇస్తుంది. దాని తర్వాత 75 ఓములకి దగ్గరగా ఒక రెసిస్టర్, 220 మైక్రోఫారడ్ల కెపాసిటర్. అంత పెద్ద కెపాసిటర్ ఎందుకు అని కొత్తవాళ్లు అడుగుతారు. తెర సెకనుకి 60 సార్లు నిండుతుంది కాబట్టి, ఒక్క తెర పూర్తయ్యేలోపు కెపాసిటర్ ఖాళీ అయిపోతే పైన ఒక వెలుగు, కింద ఒక వెలుగుగా బొమ్మ వాలిపోతుంది. రెండు వైపులా ఉన్న 75 ఓములూ కలిపి లెక్కవేస్తే 220 మైక్రోఫారడ్లకి దాదాపు 33 మిల్లీసెకన్లు వస్తుంది, అంటే రెండు తెరల కాలం.

ఇంతవరకు చేసి, టీవీ పెట్టి, సంతోషంగా ఒక నీలి ఆకాశం ఉన్న గేమ్ వేస్తే, ఆకాశం నిండా సన్నటి నిలువు గీతలు కనిపిస్తాయి. ఎనిమిదేసి చుక్కలకి ఒకటి చొప్పున, జైలు ఊచల్లా ఉంటాయి. వీటిని అందరూ ‘జైల్ బార్స్’ అనే అంటారు. తప్పు మీ సోల్డరింగ్‌ది కాదు. 21వ పిన్ నుంచి బయల్దేరిన రాగి గీత బోర్డు మీద డేటా గీతలకి మరీ దగ్గరగా వెళ్తుంది. ఆ గీతల్లో ప్రతి ఎనిమిది చుక్కలకీ ఒకే వరసలో సమాచారం పరుగెడుతుంటుంది, దాని అలజడి పక్కనున్న బొమ్మకి అంటుకుంటుంది. చేయగలిగిందల్లా 21వ పిన్‌ని బోర్డు నుంచి విడదీయడమే. అది చిప్ మూలలో ఉంటుంది. దాని చుట్టూ ఉన్న సోల్డర్‌ని పూర్తిగా పీల్చేసి, పిన్‌ని ఒక సన్నటి పట్టకారుతో నెమ్మదిగా బయటికి తీసి, అడ్డంగా వంచి, దానికే నేరుగా వైరు అతికించి ట్రాన్సిస్టర్‌ని ఆ పక్కనే పెట్టాలి. మొదటిసారి నేనిది చేసినప్పుడు ఊపిరి బిగబట్టాను. ఆ టెన్షన్‌కి కారణం ఉంది: ఆ కాలు రెండు మూడు సార్లు అటూ ఇటూ వంగితే విరిగిపోతుంది. ఈ చిప్‌లు కంపెనీ ఇప్పుడు చేయడం లేదు. విరగకుండా పని అయితే గీతలు చాలావరకు మాయమవుతాయి.

గీతలు పోయినా రంగులు కలిసే అంచుల్లో చిన్న మెట్లలాంటి చుక్కలు పాకుతూనే ఉంటాయి. దానికి కారణం లెక్కలోనే ఉంది. టీవీ ప్రమాణం ప్రకారం తెర మీద అడ్డంగా గీసే ఒక్కో గీతకి 227.5 రంగు అలలు ఉండాలి. ఫ్యామికామ్ గీతకి 341 చుక్కలు, చుక్కకి మూడింట రెండు వంతుల అల, మొత్తం 227.33. ఆ తేడా వల్ల అలల వరస మూడు గీతలకోసారి తిరిగి మొదటికి వస్తుంది, అంచు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఇది ఏ సోల్డరింగూ బాగుచేయలేనిది, సిగ్నల్ పుట్టుకతోనే వచ్చింది.

దాన్ని కూడా వదిలించుకోవాలంటే 21వ పిన్‌ని పక్కన పెట్టి, చిప్ ఏ నంబరు రంగు వేయబోతోందో దాని తలుపు దగ్గర కాపలా కాసి తెలుసుకోవాలి. ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా), కొత్త టీవీల హెచ్‌డీఎమ్‌ఐ మార్పులు చేసే చిన్న బోర్డులు ఇదే పని చేస్తాయి. చిప్‌ని బోర్డు నుంచి పూర్తిగా ఊడదీసి, మధ్యలో ఈ బోర్డు పెట్టి, మళ్లీ బిగించాలి. 40 కాళ్లు. ఒకప్పుడు ఇంకో పద్ధతి ఉండేది: నింటెండో ఆర్కేడ్ యంత్రాల్లో వాడిన 2సీ03 చిప్ నిజంగానే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడిగా ఇస్తుంది కాబట్టి దాన్ని పీకి ఇక్కడ పెట్టేవారు. ఒక పాత యంత్రాన్ని బతికించడానికి ఇంకో పాత యంత్రాన్ని చంపే ఈ పని నాకు అస్సలు నచ్చదు. పైగా ఆ చిప్ రంగులు కాస్త తేడాగా ఉంటాయి. కొన్ని గేమ్‌లు తెరని మసకబార్చాలనుకున్న చోట అది తెల్లగా వెలిగిస్తుంది.

హెచ్‌డీఎమ్‌ఐతో ఇంకో చిక్కు. ఫ్యామికామ్ సెకనుకి 60 కాదు, 60.0988 తెరలు వేస్తుంది. కొత్త టీవీ కచ్చితంగా 60 కావాలంటే దాదాపు పది సెకన్లకోసారి ఒక తెరని పారేయాలి, లేదా గేమ్‌నే అతి కొద్దిగా నెమ్మదింపజేయాలి. నేనైతే నెమ్మదింపే మేలంటాను. బొమ్మ పక్కకి సాగే గేమ్‌లో పది సెకన్లకోసారి వచ్చే చిన్న కుదుపు ఒకసారి కంట పడిందంటే ఇక ప్రతిసారీ పడుతుంది. తుపాకీ గేమ్‌లు మాత్రం ఏ పద్ధతిలోనూ మిగలవు. ఆ తుపాకీ పాత గాజు తెర మీద గీత గీతగా మెరిసే వెలుగు కోసం చూస్తుంది. కొత్త తెరలో ఆ మెరుపే లేదు.

శబ్దం విషయంలో ఒక తప్పు తరచుగా జరుగుతుంది. శబ్దం చేసేది 2ఏ03 అనే ప్రాసెసర్, కాబట్టి దాని కాళ్ల నుంచే శబ్దం తీసుకుందాం అనిపిస్తుంది. కానీ ఫ్యామికామ్‌లో శబ్దం ముందు క్యాట్రిడ్జ్ (గేమ్ ఉండే డబ్బీ) లోకి వెళ్లి, తిరిగి బోర్డు మీదికి వస్తుంది. కొన్ని క్యాట్రిడ్జ్‌లలో సొంత శబ్దం చిప్ ఉంటుంది, ఉదాహరణకి కోనామి చేసిన వీఆర్‌సీ6. అది తన స్వరాలని ఆ దారిలోనే కలుపుతుంది. ప్రాసెసర్ దగ్గరే తీగ తగిలిస్తే ఆ స్వరాలు పాటలోంచి మాయమైపోతాయి. క్యాట్రిడ్జ్ నుంచి తిరిగొచ్చిన తర్వాతే తీసుకోవాలి.

ఇక కంట్రోలర్లు. ఎనిమిది బటన్లు, కానీ లోపలికి వెళ్లేవి ఐదే వైర్లు: ఒకటి 5 వోల్టులు, ఒకటి గ్రౌండ్, మిగిలినవి లాచ్, క్లాక్, డేటా. ఈ గుట్టంతా కంట్రోలర్‌లో ఉన్న 4021 అనే చిన్న చిప్‌లో ఉంది. లాచ్ వైరు మీద సంకేతం రాగానే అది ఎనిమిది బటన్లనీ ఒక్కసారి ఫోటో తీసినట్టు పట్టుకుంటుంది. తర్వాత క్లాక్ కొట్టినప్పుడల్లా ఒక్కో బటన్ సంగతి డేటా వైరు మీద చెబుతుంది. వరస ఎప్పుడూ ఒకటే: ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. ఫ్యామికామ్‌కి అమెరికా రూపంగా 1985లో వెళ్లిన ఎన్‌ఈఎస్‌లోనూ ఇదే భాష, అందుకే దాని ఏడు పిన్నుల సాకెట్‌ని ఫ్యామికామ్‌కి బిగిస్తే ఐదు వైర్లు ఐదింటికీ సరిపోతాయి.

సాకెట్ ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఆలోచించాలి. చాలామంది ముందు ప్లాస్టిక్‌కి రెండు కంతలు కోస్తారు. కోసిన ప్లాస్టిక్ మళ్లీ అతకదు. పాత కంట్రోలర్ల వైర్లు బోర్డుకి ప్లగ్గుతో గుచ్చి ఉంటాయి, వాటిని కత్తిరించాల్సిన పనే లేదు. ప్లగ్గు పీకి, అదే చోట కొత్త వైరు గుచ్చి, పాత వైరు బయటికొచ్చిన కంత నుంచే జానెడు తోక లాగా బయటికి తెచ్చి, దాని చివర సాకెట్ పెడితే చాలు. ఎప్పుడైనా పాత కంట్రోలర్ మళ్లీ గుచ్చుకోవచ్చు.

అసలు డబ్బానే విప్పకూడదు అనుకునేవాళ్లకి ముందు వైపు 15 పిన్నుల పోర్టు ఒకటుంది. అక్కడ తగిలించిన కంట్రోలర్ మాట పాత కంట్రోలర్ బిట్ (అవునా కాదా అని చెప్పే ఒక్క గడి) మీద కాకుండా దాని పక్క బిట్ మీద వినిపిస్తుంది. గేమ్ రాసినవాళ్లు రెండు బిట్లూ చూసి కలుపుకుంటే పనిచేస్తుంది. తొలినాళ్ల కొన్ని గేమ్‌లు ఒక్క బిట్టే చూస్తాయి, వాటికి ఈ కొత్త కంట్రోలర్ లేనట్టే. కొత్త పోర్టు పెట్టాక ఒకోసారి ఎవరూ నొక్కకుండానే కుడి బటన్ నొక్కినట్టు వస్తే కూడా వెంటనే ఐరన్ అందుకోకండి. రికార్డు చేసిన శబ్దం వాయించేటప్పుడు 2ఏ03 ఒక్కోసారి కంట్రోలర్‌కి ఒక క్లాక్ ఎక్కువ కొట్టేస్తుంది, ఒక బిట్ జారిపోతుంది. జాగ్రత్తగా రాసిన గేమ్‌లు రెండుసార్లు చదివి, రెండూ ఒకటైతేనే నమ్ముతాయి.

కరెంటు గురించి ఒక్క హెచ్చరిక: ఫ్యామికామ్‌కి 10 వోల్టుల డీసీ, మధ్య పిన్ నెగెటివ్. ఎన్‌ఈఎస్ అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. అది దీనికి పెడితే లోపల కాలిపోతుంది.

కొత్త సాకెట్లతో పోయేది ఒకటుంది, రెండో కంట్రోలర్‌లోని మైకు. ఆ కంట్రోలర్‌లో స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండవు, వాటి బదులు మాట్లాడటానికి జల్లెడలాంటి కంతలు, గొంతు తగ్గించి పెంచే ఒక జారుడు మీట ఉంటాయి. మాట్లాడితే టీవీలోంచి మీ గొంతే వినిపిస్తుంది. గేమ్‌కి మాత్రం అందులోంచి ఒక్క బిట్టే అందుతుంది, శబ్దం ఉందా లేదా అని. 1986లో డిస్క్ మీద వచ్చిన ఒక సాహస గేమ్‌లో పెద్ద చెవుల రాక్షసులు ఉంటాయి. మైకులో అరిస్తే అవి చచ్చిపోతాయి. ఎన్‌ఈఎస్ కంట్రోలర్‌లో మైకు లేదు, 1993 నాటి కొత్త ఫ్యామికామ్‌లోనూ తీసేశారు.

అందుకే సాకెట్ తోక పక్కనే ఒక చిన్న పుష్ బటన్ పెట్టి, దాన్ని ఆ మైకు బిట్‌కి కలపమంటాను. ఆ రాక్షసులు ఉన్న గదిలోకి వెళ్లి దాన్ని రెండు మూడు సార్లు టకటకా నొక్కితే, గేమ్ దాన్ని అరుపుగానే తీసుకుంటుంది.