తప్పు జవాబు చూడగానే దొరికిపోతే ఆ సినారియో దండగ: బ్రాంచింగ్ ట్రైనింగ్ మీద అపోహలు - వాస్తవాలు

కస్టమర్ సర్వీస్ ట్రైనింగ్‌కి బ్రాంచింగ్ సినారియోలు రాయడం నా పని. అంటే, ట్రైనీ నొక్కిన ఆప్షన్‌ని బట్టి కథ వేరే దారి పట్టే కంప్యూటర్ పాఠాలు. విశాఖలో బీచ్ రోడ్డు హోటళ్లు, ద్వారకానగర్ షోరూములు, హాస్పిటల్ రిసెప్షన్లు, ఋషికొండ వైపు కాల్ సెంటర్లు, ఎవరికి రాసినా రివ్యూ మీటింగులో ఒక మాట తప్పకుండా వస్తుంది. "మేడమ్, ఇందులో తప్పు ఆప్షన్ కూడా కరెక్టులాగే ఉంది. మార్చేయండి, మనవాళ్లు కన్ఫ్యూజ్ అవుతారు." ఈ మాటకి తలొగ్గి మార్చిన కోర్సు మీద పెట్టిన ఖర్చంతా వృథా. అందుకే ముందు దీని సంగతే వివరంగా చెప్తాను.

అపోహ: తప్పు ఆప్షన్ తప్పని చూడగానే తెలిసిపోవాలి.

వాస్తవం: తెలిసిపోతే ఇక నేర్చుకునేది ఏముంది? మామూలుగా కనిపించే కోర్సులు ఇలా ఉంటాయి. కస్టమర్ కోపంగా ఉన్నాడు, మీరేం చేస్తారు? ఒకటి, తిరిగి అరుస్తాను. రెండు, పట్టించుకోను. మూడు, సారీ చెప్పి ఓపిగ్గా వింటాను. మూడోది నొక్కడానికి ట్రైనింగ్ అక్కర్లేదు. బ్యాచ్ మొత్తానికీ నూటికి నూరు వస్తాయి, మేనేజర్ సంతోషిస్తాడు, మర్నాడు కౌంటర్ దగ్గర పాత గొడవే మళ్లీ మొదలవుతుంది. కస్టమర్ మీద అరవాలని డ్యూటీకి వచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. మంచి ఉద్యోగి చేసే తప్పులు కంగారులోంచి, మొహమాటంలోంచి, ఎదుటి మనిషిని ఎలాగోలా శాంతపరచాలన్న ఆరాటంలోంచి వస్తాయి. సినారియోలో ఉండాల్సింది ఆ తప్పులే.

ఒక ఉదాహరణ చూడండి. అరకు సీజన్, హోటల్లో గదులన్నీ నిండి ఉన్నాయి. పొద్దున్నే గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి ఒక కుటుంబం నేరుగా ఫ్రంట్ ఆఫీసుకి వచ్చింది. చంకలో నిద్రపోతున్న పిల్లాడు, నిలబడలేకపోతున్న నానమ్మ. చెక్-ఇన్ మధ్యాహ్నం 12 గంటలకి. "బుకింగ్ ఉందిగా, గది ఇవ్వండి" అంటున్నాడు ఆ ఇంటాయన.

ఇక్కడ ఆప్షన్లు మూడు. మొదటిది, "సార్, చెక్-ఇన్ పన్నెండింటికేనండి, బుకింగ్‌లో రాసే ఉంది." రెండోది, "ఒక్క పది నిమిషాలు కూర్చోండి సార్, చూస్తాను." మూడోది, "సార్, ఇప్పుడు ఒక్క గది కూడా ఖాళీ లేదు. మొదటి చెక్-అవుట్ తొమ్మిదింటికి ఉంది, శుభ్రం చేసి పదింటికి ఇవ్వగలను. సామాను ఇక్కడ పెట్టేయండి, అమ్మగారికి కింద వాష్‌రూమ్ చూపిస్తాను."

ఎక్కువమంది రెండోది నొక్కుతారు. నొక్కగానే ఎర్ర గుర్తు పెట్టి 'తప్పు' అని రాయకూడదు. నిజంగా కౌంటర్ దగ్గర ఏం జరుగుతుంది? ఆయన "థాంక్స్ అమ్మా" అని సోఫాలో కూర్చుంటాడు. గొడవ లేదు. తర్వాతి స్క్రీన్‌లో ఇంకో గెస్టు బిల్లు అడుగుతాడు, ఫోన్ మోగుతుంది. ఆ తర్వాతి స్క్రీన్‌లో గోడ మీద గడియారం 6:50 చూపిస్తుంది, పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి, ఆయన మళ్లీ కౌంటర్ ముందు నిలబడి ఉంటాడు. ఈసారి గొంతు లాబీ అంతా వినిపిస్తుంది. ట్రైనీకి అప్పుడు తెలుస్తుంది తను చేసిందేమిటో. మూడోది నొక్కినవాళ్లకి ఇంకో అనుభవం. ఆయన ముఖం అప్పటికప్పుడే మాడిపోతుంది, "పదింటిదాకానా?" అని విసుక్కుంటాడు. సరైన జవాబు చెప్పగానే కస్టమర్ చప్పట్లు కొట్టడు. కొత్తగా చేరిన పిల్లలు ఈ విసుగుకి భయపడే అబద్ధపు భరోసా ఇచ్చేస్తారు. ఆ విసుగు ముందే ఒకసారి చూసి ఉంటే, అసలు కౌంటర్‌లో తట్టుకుంటారు.

రెండోది నొక్కినవాళ్లకి తిరిగి వచ్చే దారి కూడా రాయాలి. 6:50 దగ్గర ఇంకో ఎంపిక ఇవ్వాలి. "హౌస్‌కీపింగ్ వాళ్లే లేటు సార్" అని పక్కవాళ్ల మీద తోసేయడమా, "ఇంకో ఐదు నిమిషాలు" అనడమా, "పది నిమిషాలని నేను చెప్పకుండా ఉండాల్సింది సార్, అసలు పరిస్థితి ఇదీ" అని ఒప్పుకోవడమా. తప్పు చేశాక ఏం చేయాలన్నది నేర్పని కోర్సు సగం కోర్సే.

మా అమ్మ గాజువాకలో ఉంటుంది. ఫ్రిజ్ పాడైతే సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసింది. "సాయంత్రానికల్లా మనిషి వచ్చేస్తాడమ్మా" అన్నారు. అమ్మ గుడికి కూడా వెళ్లకుండా ఇంట్లోనే కూర్చుంది. మర్నాడు మళ్లీ ఫోన్, మళ్లీ అదే మాట. పాలు విరిగాయి, పులుసు పారబోసింది. నాకు ఫోన్ చేసి, "ఆ పిల్ల ఎంత బాగా మాట్లాడిందో! రారంటే రారని ఒక్క ముక్క చెప్పుంటే పక్కింట్లో పెట్టుకునేదాన్ని కదా" అంది. మర్యాద ట్రైనింగ్‌లో ఆ అమ్మాయికి నూటికి నూరూ వచ్చే ఉంటాయి. ఆ "సాయంత్రానికల్లా" అన్న మాట ఇప్పుడు నా కోర్సుల్లో తప్పు ఆప్షన్‌గా ఉంటోంది.

ఇలాంటి ఆప్షన్లు మేనేజర్ గదిలో దొరకవు. కౌంటర్‌లో ఉన్నవాళ్లని అడగాలి. "మీరేం తప్పు చేస్తారు?" అని అడిగితే నోరు విప్పరు. "ఏం చెప్తే కస్టమర్ అప్పటికి వెళ్లిపోతాడు?" అని అడగండి, పేజీలు నిండిపోతాయి.

"మన స్టాఫ్ ఇలా మాట్లాడతారని మన కోర్సులో మనమే రాసుకోవడమా?" అని పై అధికారులు ఇబ్బంది పడతారు. ఇబ్బంది నిజమే. కానీ ఆ మాటలు రోజూ మీ కౌంటర్‌లో వినిపిస్తున్నవే. తప్పు ఆప్షన్ చదివితే అదే అలవాటవుతుందన్న భయమూ వద్దు. దాని ఫలితం కళ్లముందు చూస్తారు, చివర్లో ట్రైనర్ కూర్చోబెట్టి మాట్లాడతాడు.

అపోహ: కొమ్మలు ఎన్ని ఎక్కువుంటే సినారియో అంత గొప్పది.

లెక్క వేసి చూడండి. ప్రతిచోటా 3 ఆప్షన్లు, వరసగా 5 నిర్ణయాలు, దారులు ఎక్కడా కలవవు అనుకుంటే, నిర్ణయాల స్క్రీన్లు 121, ముగింపులు 243. ఎవరు రాస్తారు, ఎవరు టెస్ట్ చేస్తారు? విశాఖలో ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి కంచరపాలెం మీదుగా వెళ్లినా, గురుద్వారా మీదుగా వెళ్లినా ఆర్టీసీ కాంప్లెక్స్‌కే చేరినట్టు, దారులు మధ్యలో కలిసిపోవాలి. ఒక వేరియబుల్ (ట్రైనీ ముందు ఏం నొక్కాడో సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకునే చోటు) పెట్టుకుంటే, ముందు అబద్ధపు మాట ఇచ్చినవాళ్లకి అదే స్క్రీన్‌లో కస్టమర్ వేరేగా మాట్లాడతాడు. అంత చాలు.

అపోహ: ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేనిదే కుదరదు.

క్రిస్ క్లిమస్ 2009లో విడుదల చేసిన ట్వైన్ అనే కథలల్లే టూల్ ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. పాఠాలు తయారుచేసే టూల్ హెచ్5పీలోనూ బ్రాంచింగ్ సినారియో ఉంది. ట్వైన్ తనంతట తాను ఎల్‌ఎంఎస్‌కి (ట్రైనీల కోర్సుల రికార్డు ఉండే సాఫ్ట్‌వేర్‌కి) స్కోరు పంపదు, అదొక్కటీ గుర్తుంచుకోండి. కంపెనీలో స్టోరీలైన్ (డబ్బు పెట్టి కొనే కోర్సుల సాఫ్ట్‌వేర్) ఉంటే సంతోషం. ఏది వాడినా ముందు కాగితం చీటీల మీద రాసి ఇద్దరు మనుషులతో ఆడించండి. కథ కాగితం మీద నడవకపోతే సాఫ్ట్‌వేర్‌లోనూ నడవదు.

అపోహ: ఏఐకి చెప్తే నిమిషంలో రాసిచ్చేస్తుంది.

రాసిస్తుంది. మీ కౌంటర్ సంగతి మీరు చెప్పకుండా రాయిస్తే ఎక్కువగా వచ్చేది నేను పైన చెప్పిన "తిరిగి అరుస్తాను" రకమే.

అపోహ: అందరూ కోర్సు పూర్తి చేశారు కాబట్టి ట్రైనింగ్ పని చేసినట్టే.

ట్రైనింగ్ ఫలితాన్ని కొలవడానికి అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే నాలుగు మెట్లు చెప్పారు. నేర్చుకున్నవాళ్లకి ఎలా అనిపించింది, ఏం నేర్చుకున్నారు, పనిలో ప్రవర్తన మారిందా, సంస్థకి ఏం ఫలితం వచ్చింది. పూర్తి చేసినవాళ్ల శాతం ఆ నాలుగింటిలో ఏదీ కాదు. అలాగే సినారియో ఉంది కదా అని రోల్ ప్లే మానేయకండి, గొంతులో విసుగుని మౌస్ క్లిక్ పట్టుకోలేదు.

అపోహ: సినారియోలో తప్పు నొక్కితే హెచ్‌ఆర్‌కి తెలిసిపోతుంది, ప్రొబేషన్‌లోనే తీసేస్తారు.

ఈ పుకారు మీద నాకు చాలా కోపం. శ్రీకాకుళం, పార్వతీపురం నుంచి మొదటి ఉద్యోగానికి వచ్చిన పిల్లలు వాట్సాప్‌లో ఇది చదివి టెన్షన్‌తో, సీనియర్ల దగ్గర కరెక్ట్ ఆప్షన్ల స్క్రీన్‌షాట్లు తీసుకుని అవే నొక్కుతున్నారు. ఆ 6:50 స్క్రీన్ వాళ్లకి ఎప్పటికీ కనిపించదు. అసలు సంగతి ఇదీ. స్కార్మ్ (కోర్సు నుంచి ఎల్‌ఎంఎస్‌కి సమాచారం పంపే ప్రమాణం) పద్ధతిలో చేసిన కోర్సు మామూలుగా ఎల్‌ఎంఎస్‌కి పంపేది పూర్తయిందా లేదా, స్కోరు, పట్టిన సమయం. ప్రతి ఎంపికా నమోదయ్యేలా కూడా తయారు చేయొచ్చు, అది కంపెనీ తీసుకునే నిర్ణయం. కాబట్టి భయపడి కూర్చోకుండా ట్రైనర్‌ని నేరుగా అడగండి: "సార్, ఇది ప్రాక్టీసా, పరీక్షా? స్కోరు అప్రైజల్‌కి వెళ్తుందా?" అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

కంపెనీలకి నేను చెప్పేది, ప్రాక్టీసు సినారియో నుంచి 'పూర్తయింది' అన్న సమాచారం తప్ప ఇంకేమీ తీసుకోవద్దని. మార్కులు కావాలంటే పరీక్ష వేరే పెట్టుకోండి. ఆ సంగతి మొదటి స్క్రీన్ మీదే తెలుగులో రాయించండి. అలా రాసి ఉన్న కోర్సు మీకు వస్తే, మొదటిసారి మీ నోటికి ఏం వస్తుందో అదే నొక్కండి. రెండోసారి కావాలనే తప్పు దారిలో చివరిదాకా వెళ్లి చూడండి.