రోజూ కడిగే ఇసుక నీళ్లు వడగట్టదు

మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్ ఉన్న ఒక పాఠకుడు అడిగారు: "మా స్విమ్మింగ్ పూల్ చూసుకునే అబ్బాయి రోజూ పొద్దున్నే ఫిల్టర్‌కి బ్యాక్‌వాష్ కొడతాడండీ, ఒక్కరోజు కూడా మానడు. క్లోరిన్ కూడా సరిగ్గానే వేస్తున్నాం. అయినా నీళ్లు మసగ్గానే ఉంటున్నాయి. ఇసుక మార్చేయమంటారా?"

ఇసుక సంగతి తర్వాత. బ్యాక్‌వాష్ అంటే నీళ్లని ఫిల్టర్‌లో కిందినుంచి పైకి తన్నించి ఇసుకని కడగడం. ముందు ఆ అబ్బాయి చేత రోజూ కడగడం మానిపించండి. నీళ్లు మసగ్గా ఉండటానికి సగం కారణం అదే కావచ్చు.

మోటార్, స్కిమ్మర్, పైపుల గురించి ఏ ప్లంబర్‌ని అడిగినా చెబుతాడు, అవి వదిలేస్తాను. నాకు ముచ్చటేసేదల్లా ఫిల్టర్ అనే ఆ గుండ్రటి ట్యాంకులో కూర్చున్న ఇసుక. ఇళ్లలో వాడే రెండడుగుల వ్యాసం ఫిల్టర్‌లో దాదాపు 150 కిలోలు పడుతుంది. గింజ సైజు సుమారు అర మిల్లీమీటరు. గింజలన్నీ గుండ్రంగా ఉన్నాయనుకుని లెక్కేస్తే ఎనభై కోట్లకు పైనే ఉంటాయి, వాటి పైతలం మొత్తం పరిస్తే 680 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో 800 గజాల ప్లాటు! నీళ్లు ఆ ప్లాటంతా ఒరుసుకుంటూ పదిహేను సెకన్లలో బయటపడతాయి, ఆ కాసేపట్లోనే పైనుంచి కిందికి ఏడొందల వరుసల గింజల్ని దాటుకుని వస్తాయి.

ఇప్పుడు అసలు చిక్కు. అర మిల్లీమీటరు గింజలు ఎంత బిగుతుగా సర్దుకున్నా మధ్యలో 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సందులుంటాయి, దాదాపు తలవెంట్రుక మందం. నీళ్లని మసకబార్చే మట్టి నలుసులు, నాచు కణాలు చాలావరకు పది మైక్రాన్ల లోపే. బాక్టీరియా ఒక మైక్రాన్ అటూఇటూ. జల్లెడ లెక్కన చూస్తే ఇవన్నీ హాయిగా దాటిపోవాలి, అంటే ఇసుక ఫిల్టర్ అసలు పనిచేయకూడదు. బడిలో వడపోత అనగానే గరాటు, వడపోత కాగితం బొమ్మ వేయించి పాఠం ముగించేస్తాం, కన్నం కన్నా పెద్దది ఆగుతుంది, చిన్నది పోతుంది, అయిపోయింది. పిల్లలు పెద్దై ఇంజనీర్లయినా అదే బొమ్మ బుర్రలో ఉండిపోతుంది.

మీ ఇంట్లో సీలింగ్ ఫ్యాను ఆపి రెక్క చూడండి. దానికి కన్నాలు లేవు, అయినా గాలిని కోసే అంచు మీద దుమ్ము మందంగా పట్టి ఉంటుంది. గాలి రెక్కని చుట్టుకుని పోయేటప్పుడు, అందులో ఉన్న నలుసు అంచుకి మరీ దగ్గరగా వస్తే తగులుకుంటుంది, అంతే. ఇసుక గింజ దగ్గర జరిగేదీ ఇదే. మరి అంత గాలి వీస్తుంటే ఆ దుమ్ము ఎగిరిపోదేం? తలానికి ఆనుకుని ఉన్న పలచటి పొరలో గాలి దాదాపు కదలదు, దుమ్ము ఆ నీడలో దాక్కుంటుంది. ఇసుక సందుల్లో నీళ్లు సెకనుకి రెండు సెంటీమీటర్ల పైన పరుగెడుతున్నా గింజ ఒంటికి ఆనుకున్న చోట నిలకడగానే ఉంటాయి. వంటింటి ఫ్యాను మీద జిడ్డుంటుంది కాబట్టి దుమ్ము ఇంకా తొందరగా పడుతుంది, ఇది గుర్తుపెట్టుకోండి, పటిక దగ్గర పనికొస్తుంది. ఒకసారి పట్టిన దుమ్ము గరుకుగా పైకి లేచి కొత్త దుమ్ముని పట్టుకుంటుంది. నెలల తరబడి తుడవకపోతే మాత్రం పెళ్లలుగా ఊడి మంచం మీద పడుతుంది. ఫిల్టర్‌ని మరీ నిర్లక్ష్యం చేసినా అంతే, పట్టిన మురికే ఊడి పూల్‌లోకి తిరిగొస్తుంది.

ఫ్యానుకీ ఇసుకకీ ఒక తేడా ఉంది, అక్కడే ఈ కథ రంజుగా ఉంటుంది. ఇసుకలో పెద్ద నలుసులు బరువుకి గింజ మీద వాలిపోతాయి లేదా దారిలో గింజని రాసుకుని ఆగిపోతాయి. బాగా చిన్నవి, మైక్రాన్‌లో పదో వంతు ఉన్నవి, నీటి అణువుల తాకిడికి అటూఇటూ గెంతుతూ (బ్రౌనియన్ చలనం) గింజకి కొట్టుకుంటాయి. మధ్యలో ఉన్న ఒక మైక్రాన్ నలుసు వాలేంత బరువూ ఉండదు, గెంతేంత తేలికా కాదు. 1971లో యావ్, హబీబియన్, ఓమేలియా అనే ముగ్గురు లెక్కగట్టి, ప్రయోగం చేసి చూపించిందిదే: ఇసుకకి అన్నిటికన్నా కష్టమైన సైజు ఒక మైక్రాన్, దానికన్నా చిన్నవి ఇంకా సులువుగా చిక్కుతాయి. జల్లెడ బొమ్మ ఉన్న బుర్రకి ఇది ఎక్కదు.

తగిలినంత మాత్రాన అతుక్కోవాలని లేదు. పూల్ నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉంచుతాం, ఆ నీళ్లలో సిలికా ఇసుక ఒంటి మీద రుణావేశం (నెగటివ్ చార్జి) ఉంటుంది, మట్టి, నాచు, బాక్టీరియా మీదా రుణావేశమే. రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. అందుకే కొత్త ఇసుక, అప్పుడే శుభ్రంగా కడిగిన ఇసుక సన్న మురికిని సరిగ్గా పట్టవు. కొంత మురికి పట్టి, గింజలు గరుకు తేలి, సందులు ఇరుకైతేనే ఫిల్టర్ దారికొస్తుంది. దీన్ని ఫిల్టర్ పండటం అంటారు. రోజూ బ్యాక్‌వాష్ కొడితే అది పండే లోపే మళ్లీ పచ్చిదైపోతుంది.

ఆవేశం గొడవ తీర్చేది పటిక. అల్యూమినియం అయాన్లు ఆ రుణావేశాన్ని చల్లార్చి నలుసుల్ని ముద్దలు కట్టిస్తాయి, వంటింటి ఫ్యాను జిడ్డు చేసే పని చేస్తాయి. గుమ్మానికి దిష్టి తగలకుండా కట్టే పటిక ముక్క దిష్టిని ఏం చేస్తుందో గానీ, అదే ముక్కని బిందెలో నాలుగు తిప్పులు తిప్పితే బురద నీళ్లు తేరుకోవడం మన అమ్మమ్మలకి తెలుసు. కొన్ని ఊళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్లు. కాకపోతే పూల్‌లో పటిక గుమ్మరించి ఫిల్టర్ నడిపితే ఆ జిగురు ముద్దలు ఇసుకని అంటుకుపోతాయి. రాత్రి పటిక వేసి, కలిపి, మోటార్ ఆపి, పొద్దున అడుగున పేరుకున్నదాన్ని వాల్వ్ 'వేస్ట్'లో (నీళ్లు ఇసుకలోకి పోకుండా నేరుగా బయటికి పోయే స్థానం) పెట్టి లాగి బయటికి పంపాలి. పటిక పీహెచ్‌ని కిందికి లాగుతుంది, పరీక్షించి సరిచేసుకోండి.

ఇదంతా నీళ్ల అందం కోసమే అనుకోవద్దు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి గుడ్డు లాంటి పెంకులో నాలుగు నుంచి ఆరు మైక్రాన్లుంటుంది, లీటరుకి ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌లో పది రోజులకు పైగా బతుకుతుంది. 1993లో అమెరికాలోని మిల్వాకీలో ఇది తాగునీటి ఫిల్టర్లని దాటి ఊళ్లోకి వచ్చి దాదాపు నాలుగు లక్షల మందికి విరేచనాలు పట్టించిందని అంచనా.

మరి కడగడం ఎప్పుడు? ట్యాంకు మీద ప్రెజర్ గేజి ఉంటుంది. బ్యాక్‌వాష్ చేసిన వెంటనే ముల్లు ఎక్కడుందో మార్కర్‌తో గీత పెట్టండి. అక్కణ్నుంచి 8, 10 పీఎస్ఐ (గేజి మీద ఉండే ప్రెజర్ కొలత) పెరిగినప్పుడు కడగండి, అది వారానికి రావచ్చు, మూడు వారాలకి రావచ్చు. మోటార్ ఆపాకే వాల్వ్ పిడి తిప్పాలి, నడుస్తుండగా తిప్పితే లోపలి గ్యాస్కెట్ పాడవుతుంది. బ్యాక్‌వాష్‌లో నీళ్లు కిందినుంచి పైకి తన్ని, ఇసుక మొత్తం ఉబ్బి తేలి, గింజలు ఒకదాన్నొకటి రుద్దుకుంటాయి, మురికి ఊడేది ఆ రాపిడికే. ముప్పై డిగ్రీల నీటికి పదిహేను డిగ్రీల నీటి కన్నా చిక్కదనం మూడో వంతు దాకా తక్కువ, కాబట్టి మన ఎండాకాలంలో ఇసుకని అంతే లేపాలంటే ధార ఇంకా బలంగా ఉండాలి, నీరసపు మోటార్ లేపలేదు. వాల్వ్ పక్కనుండే గాజు బుడ్డిలో మొదట రెండు క్షణాలు మామూలు నీళ్లే కనిపిస్తాయి, ఆ తర్వాత ఒక్కసారిగా ముదురు గోధుమ రంగు తిరుగుతుంది, పలచబడుతుంది, తేటపడుతుంది. రెండు మూడు నిమిషాలు చాలు. తర్వాత వాల్వ్ 'రిన్స్'లో పెట్టి అర నిమిషం నడపాలి, ఇది మానేస్తే పైపులో మిగిలిన మురికి నేరుగా పూల్‌లో పడుతుంది.

గంటకి పది వేల లీటర్ల మోటార్‌తో మూడు నిమిషాలంటే 500 లీటర్లు. రోజూ చేస్తే నెలకి 15,000, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు. వాటి బదులు పోసే బోరు నీళ్లతో సున్నం మళ్లీ వచ్చి చేరుతుంది, పీహెచ్ పెరిగితే ఆ సున్నం ఇసుకని గడ్డ కట్టిస్తుంది. కొబ్బరినూనె తలలతో దిగే చుట్టాలు ఇంకో రకం గడ్డలు కట్టిస్తారు, ముందు షవర్ కింద నిలబెట్టండి. మూత తీసి చెయ్యి పెడితే ఇసుక పొడిపొడిగా జారాలి, ఉండలు తగిలితే అప్పుడే మార్చడం గురించి ఆలోచించండి.

ఇంకొక్క అనుమానం. మీరు క్లోరిన్ అంటున్నది బ్లీచింగ్ పౌడరేనా? దాన్ని అలాగే చల్లితే అందులో కరగని సున్నం సన్నటి పొడిగా తేలుతుంది, ఆ మసక మీరు రోజూ చేతులారా వేస్తున్నదే కావచ్చు. బకెట్‌లో కలిపి, కాసేపు ఆగి, పైతేట మాత్రమే పోయించండి. ఇక ఆ గేజి: మోటార్ ఆపినప్పుడు ముల్లు సున్నాకి రాకపోతే అది ఎప్పుడో చచ్చిపోయినట్టే, గీత పెట్టే ముందు దాన్ని మార్పించండి.