ఏం పోస్టు పెట్టాలో తోచడం లేదన్న పిల్లలకు

చిరంజీవులు అమ్మడుకి, బుజ్జికి,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మొన్న ఫోన్లో మీరిద్దరూ చెప్పింది విన్నప్పటి నుంచీ కాస్త వివరంగా రాయాలనిపిస్తోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో మీ పోచంపల్లి చీరల పేజీ మొదలుపెట్టి ఏడాది దాటింది. "చెప్పాల్సిందంతా చెప్పేశాం తాతయ్యా, ఇంకేం పెట్టాలో తోచట్లేదు, పొద్దున లేస్తే ఇదే టెన్షన్" అన్నారు. మీ పేజీ మొదటి నుంచీ చూశాను. చీర ఫొటో, ధర, 'కొన్ని మాత్రమే మిగిలాయి' అన్న మాట. మళ్ళీ చీర, మళ్ళీ ధర. నన్నడిగితే, చెప్పాల్సింది మీరింకా మొదలే పెట్టలేదు.

కొత్త ఆలోచనల కోసం ఏం చేస్తున్నారని అడిగితే మిగతా చీరల పేజీలు చూస్తున్నామన్నారు. వాళ్ళూ అదే చేస్తున్నారు. అందరూ ఒకరినొకరు చూసుకుంటూ అదే పాటకి అదే పద్ధతిలో పైట తిప్పి చూపిస్తుంటే, కొనేవాళ్ళకి ఏది ఎవరి పేజీయో కూడా గుర్తుండదు. మీకు కావలసినవి దొరికే చోట్లు నాకు తెలిసి రెండే ఉన్నాయి. ఒకటి కొనేవాళ్ళ ప్రశ్నలు, రెండోది నేసేవాళ్ళ ఇల్లు.

నేను చీరల షాపులో కూర్చున్న రోజుల్లో వచ్చినవాళ్ళు "అందమైన చీర చూపించండి" అని అడిగింది తక్కువ. ఉతికితే రంగు దిగుతుందా? గంజి పెట్టాలా? జాకెట్టు ముక్క ఇందులోనే ఉందా, విడిగా కొనాలా? కుచ్చిళ్ళు నిలబడతాయా? మా అత్తగారు పెద్దావిడ, బరువు మొయ్యలేదు, తేలికది ఉందా? పెళ్ళిలో పెట్టుబడికి ఇస్తే మాట రాకుండా ఉంటుందా? అడిగింది ఇవే. మీ మెసేజ్‌ల పెట్టె మా షాపు కౌంటరు లాంటిది. అక్కడ పడే ప్రతి ప్రశ్న వెనకాల, అదే అడగాలనుకుని మొహమాటపడి ఊరుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు.

ఒకావిడ మిమ్మల్ని అడిగిందన్నారు కదా: "డిజైన్ అంచులు గీత గీసినట్టు లేవు, చెదిరినట్టున్నాయి. డామేజీ పీసు పంపారా?" అని. మీరు "లేదండీ, ఇక్కత్ అంటే అంతే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎంత మంచి ప్రశ్న అది! ఆవిడకి నిజంగా తెలీదు. మన పేజీ చూసే చాలామందికీ తెలిసి ఉండదు. ఇక్కత్‌లో రంగు, డిజైను బట్ట నేశాక రావు, నూలు మీదే ముందుగా వస్తాయి. దారాలను కట్టలుగా బిగించి, గీసుకున్న నమూనా ప్రకారం ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ గట్టిగా కట్లు కడతారు. పాత సైకిలు ట్యూబుల్ని సన్నగా కోసిన రబ్బరు ముక్కలతో ఆ కట్లు కట్టడం మీరూ చూసే ఉంటారు. రంగులో ముంచుతారు, ఆరబెడతారు, కొన్ని కట్లు విప్పి మరికొన్ని కట్టి ఇంకో రంగులో ముంచుతారు. ఆ తర్వాతే మగ్గం. ముందే రంగు పడి ఉన్న దారం, నేసేటప్పుడు తన పక్క దారంతో సరిగ్గా కలవాలి. వెంట్రుకవాసి జరిగితే అంచు కాస్త చెదురుతుంది. ఆవిడ డామేజీ అనుకున్నది ఆ చీర చేత్తో నేసిందని చెప్పే గుర్తు.

ఈ ఒక్క ప్రశ్నలోంచి ఎన్ని పోస్టులు వస్తాయో చూడండి. కట్లు కట్టే వేళ్ళను దగ్గరగా తీసిన వీడియో, మాటలు అక్కర్లేదు. రంగు ఆరాక కట్టు విప్పితే లోపల తెల్లగా మిగిలిన నూలు బయటపడుతుందే, అది ఇంకొకటి. ఆ ఒక్కటి చూస్తే చాలు, ఇక్కత్ అంటే ఏమిటో చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది. పడుగుకి, అంటే నిలువు దారాలకి మాత్రమే కట్లు కట్టిన చీర, పేకకి, అంటే అడ్డం దారాలకి మాత్రమే కట్టింది, రెండింటికీ కట్టింది పక్కపక్కన పెట్టి తేడా చూపించండి. రెండింటికీ కట్టినప్పుడు పడుగు మీది రంగూ పేక మీది రంగూ ఒకే చోట పడాలి కాబట్టి దాని ధర ఎందుకంత ఎక్కువో ఇక మీరు వాదించి ఒప్పించనక్కర్లేదు. అక్కడి నుంచి పుట్టపాక ఊళ్ళో నేసే తేలియా రుమాలు దగ్గరికి వెళ్ళొచ్చు. అదీ పడుగుకీ పేకకీ కట్లు కట్టి నేసేదే. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలో మళ్ళీ మళ్ళీ నానబెడతారు కాబట్టే దానికా పేరు, తేల్ అంటే హిందీలో నూనె. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో ఒకప్పుడు అరబ్బు దేశాలకి ఎగుమతి అయ్యేది.

ఆసు గురించి ఇంతవరకూ మీ పేజీలో ఒక్క ముక్క లేదు. నాకు బాధనిపించింది. పేకకి నూలు సిద్ధం చెయ్యాలంటే ముందు ఆసు పొయ్యాలి. అర్ధచంద్రాకారంగా మేకులు దిగ్గొట్టిన చట్రం మీద దారాన్ని ఒక్కో మేకుకీ చుట్టుకుంటూ చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. ఒక్క చీరకి సుమారు 9 వేల సార్లు. ఈ పని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ళదే. భుజాలు, మోచేతులు పోయేవి. ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే ఆ నొప్పి చూడలేక, పెద్ద చదువు లేకపోయినా ఏళ్ళ తరబడి తంటాలు పడి ఆసు పోసే యంత్రం తయారుచేశారు. తల్లి పేరుతోనే దాన్ని లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. మీరు అమ్మే చీరల వెనకాల ఇంత కథ ఉంటే "ఏం పెట్టాలో తోచట్లేదు" అంటే ఎలా నాన్నా?

ఇక నకిలీల సంగతి. ఇక్కత్ డిజైన్‌ని మిల్లు బట్ట మీద అచ్చు వేసి అమ్మేవాళ్ళు ఊరూరా ఉన్నారు. ఎవరినీ పేరుపెట్టి తిట్టొద్దు. తేడా చూపిస్తే చాలు. అసలైన దాంట్లో రంగు దారానిదే కనుక చీర తిరగేసినా డిజైను దాదాపు అంతే స్పష్టంగా ఉంటుంది. అచ్చు వేసినదాన్ని తిప్పితే వెనక వెలిసినట్టు కనిపిస్తుంది. రెండు వైపులా రంగు దిగే అచ్చులూ ఉన్నాయి కాబట్టి ఈ ఒక్క గుర్తుతోనే తేల్చెయ్యొద్దని కూడా చెప్పండి. పట్టు అయితే ఒక పోగు తీసి కాల్చి చూపించండి. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది. సిల్క్ మార్క్ ఉంటే చేనేత అనుకునేవాళ్ళు చాలామంది. ఆ మార్కు స్వచ్ఛమైన పట్టు అని మాత్రమే చెబుతుంది, మగ్గం మీద నేసిందో మిల్లులో నేసిందో చెప్పదు. చేనేతకి హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే ఉంది. ఈ ఒక్క విషయం చెప్పినా జనం మీ పోస్టు దాచుకుంటారు, అక్కచెల్లెళ్ళకి పంపుకుంటారు.

ధర అడిగితే 'ఇన్‌బాక్స్‌కి రండి' అనే అలవాటు మానండి. నూలు ఎంత, రంగులెంత, కట్లు కట్టినవాళ్ళకెంత, నేసినవాళ్ళకెంత, కొరియరుకెంత, మీకు మిగిలేదెంత, ఒక చీరని తీసుకుని విడదీసి చెప్పండి. మీ లాభం కూడా దాచకండి. ఈ పోస్టు పెట్టడానికి భయపడతారని నాకు తెలుసు. కానీ బేరమాడేవాళ్ళ నోటికి ఇంతకంటే మర్యాదైన జవాబు లేదు.

వానాకాలంలో ఆర్డర్లు ఆలస్యమయ్యాయని కోప్పడ్డారట కదా. 'క్షమించండి' అని పెట్టి ఊరుకున్నారు. ఎందుకు ఆలస్యమైందో చూపించాల్సింది. ముసురు పట్టిందంటే రంగు వేసిన నూలు ఆరదు. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసే మగ్గాలైతే ఆ గుంటల్లోకి నీళ్ళూరతాయి. తడిసిన పోగుతో నేత సాగదు. ఒక ఫొటో, నాలుగు వాక్యాలు సరిపోయేవి. అలాగే ఫోన్లో ఒక రంగు, చేతికొచ్చాక ఇంకో రంగు అని చీర తిప్పి పంపారన్నారే, అదీ ఒక పోస్టే. లైటు కింద, కిటికీ పక్కన పగటి వెలుతురులో అదే చీర ఎలా కనిపిస్తుందో చూపించండి. తిరిగొచ్చిన ప్రతి పార్సిల్‌లోనూ మీరు ముందే చెప్పి ఉండాల్సిన మాట ఒకటి ఉంటుంది.

పండుగల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, శ్రావణమాసం, బతుకమ్మ, సంక్రాంతి, పెళ్ళి ముహూర్తాలు మీకే తెలుసు. ఒక్క మాట. డిజైను గీసిన రోజు నుంచి చీర మడత పెట్టే రోజు దాకా వారాలు పడుతుంది. కాబట్టి బతుకమ్మ చీర కథ బతుకమ్మ ముందు రోజు కాదు, కట్లు కట్టేటప్పుడే మొదలవ్వాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి పార్సిల్ చేరాలన్నా అదే పద్ధతి. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవానికి అందరూ రాట్నం బొమ్మతో శుభాకాంక్షలు పెడతారు. 1905లో అదే రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైందనీ, అందుకే 2015 నుంచి ఆ రోజు జరుపుకుంటున్నామనీ రాసి, మీకు నేసిపెట్టేవాళ్ళలో ఒకరిని ఆ రోజు మాట్లాడమనండి.

ఇక్కడ కొంచెం గట్టిగా చెబుతున్నాను. నేతవాళ్ళ ఇంటికి వెళ్ళి వాళ్ళ లేమిని వీడియో తీసి, దాంతో చీరలు అమ్మొద్దు. ఆ ఇంట్లో లెక్క ఉంది, రంగుల తెలివి ఉంది, తరాల ఓపిక ఉంది. చూపిస్తే అది చూపించండి. ముందు అడిగి, ఒప్పుకుంటేనే ఫొటో తియ్యండి. పేరు వెయ్యమంటే వెయ్యండి, వద్దంటే వద్దు. కొత్త డిజైను అయితే ఇంకా జాగ్రత్త. మీరు ఉత్సాహంగా పెట్టిన ఫొటో చూసి ఎవరో నాలుగు రోజుల్లో అచ్చు వేయించేస్తే నష్టపోయేది గీసిన మనిషి. ఎప్పుడు బయటపెట్టాలో ఆయనే చెప్పాలి.

చెప్పిందే మళ్ళీ చెబుతున్నామని మీకు బెంగ. అక్కర్లేదు. షాపులో "రంగు దిగుతుందా" అన్న ప్రశ్నకి నేను రోజూ జవాబిచ్చాను, ప్రతిసారీ కొత్త మనిషికే. మీ పేజీకి నిన్న వచ్చినావిడకి ఏడాది కిందటి పోస్టు తెలీదు. ఈసారి అదే విషయం ఇంకో చీరతో, ఇంకో మనిషి నోటితో చెప్పించండి. మీ దగ్గర కొన్నవాళ్ళని కూడా పిలవండి. మూడేళ్ళు కట్టిన చీర ఎలా ఉంది, ఎలా ఉతికారు, పాతబడ్డాక అమ్మాయికి లంగా కుట్టించారా, అడిగితే సంతోషంగా చెబుతారు.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. వచ్చిన ప్రశ్నని అడిగినవాళ్ళ మాటల్లోనే రాయండి, మీ భాషలోకి దిద్దొద్దు. "కుచ్చిళ్ళు నిలబడతాయా" అని వాళ్ళు అడిగితే పోస్టు మీద అదే మాట ఉండాలి. వారానికోసారి ఇద్దరూ కూర్చుని, అందులో ఏది ఎక్కువసార్లు వచ్చిందో దాన్ని ముందు తీసుకోండి. రోజూ పెట్టాలన్న నియమం కూడా వద్దు. వారానికి రెండు చాలు.

వచ్చే ఆదివారం పోచంపల్లి వెళ్తున్నారు కదా. ఈసారి సరుకు తీసుకుని వెంటనే బస్సెక్కకండి. ఆసు పోసే ఆవిడ దగ్గర కాసేపు కూర్చుని, "మీ పనిలో జనానికి తెలియనిది ఏమిటండీ" అని అడగండి. అనుమతిస్తే ఫోను తియ్యండి. ఆ డామేజీ అన్నావిడకి కూడా జవాబు ఇంకోసారి, ఈసారి వివరంగా రాసి పంపండి. ఏం రాశారో నాకూ చూపించండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య