ద్రాక్షతోటల మధ్య లగ్జరీ హోటల్‌లో బస: జంటల అపోహలు – వాస్తవాలు

ద్రాక్షతోటలో హోటల్ ఎంత ఖరీదైనదైనా, కిటికీ అవతల ఉన్నది రోజూ పని జరిగే వ్యవసాయ భూమి. అక్కడి వేళలు తెలుసుకుని వెళ్లిన జంటకే ఆ బస బాగా దక్కుతుంది.

అపోహ: కోతల కాలంలో వెళ్తేనే బాగుంటుంది.

వాస్తవం: కోతలు చూడాలనే కోరిక ఉంటే వెళ్లండి. ఏకాంతం కోసమైతే వద్దు. ఉత్తరార్ధగోళంలో కోతలు ఎక్కువగా ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా, దక్షిణార్ధగోళంలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి. వేడెక్కిన పండు వైనరీకి (వైన్ తయారుచేసే చోటికి) చేరేలోపే పాడవడం మొదలవుతుంది. అందుకని చాలాచోట్ల చల్లబడ్డాక, అర్ధరాత్రి దాటాక లైట్లు వేసుకుని యంత్రాలతో కోస్తారు. పగలేమో కందిరీగలు, సన్న ఈగలు. వైన్ తయారుచేసేవారికి మీతో కూర్చుని మాట్లాడే తీరిక ఉండదు. రసం పులిసే గదుల్లోకి ప్రతిసారీ రానివ్వరు కూడా. పులిసేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువైనది, నేలమట్టాన పేరుకుంటుంది. అందులో చిక్కుకుంటే ప్రాణం పోవచ్చు. అడ్డంగా తాడు కట్టి ఉంటే దయచేసి దాటకండి.

మమ్మల్ని అడిగితే కాయ రంగు తిరిగే రోజులే మంచివంటాం. రకాన్ని బట్టి కోతకు సుమారు నెల, రెండు నెలల ముందు వస్తాయవి. ఎర్ర రకాల్లో ఒకే గుత్తిలో పచ్చ, గులాబీ, ఊదా కాయలు కలిసి కనిపిస్తాయి. ఆకు నిండుగా ఉంటుంది, వైనరీలో హడావిడి ఉండదు. చలికాలంలో తీగలు మోడుగా ఉంటాయి. ఫొటోల్లోని పచ్చదనం అప్పుడు ఆశించవద్దు.

అపోహ: తోట కనిపించే గదే మంచి గది.

వాస్తవం: ఏం కనిపిస్తుందన్నది తర్వాత, ఏం వినిపిస్తుందో ముందు అడగండి. ట్రాక్టరు దారి, పండు దించే చోటు, వైనరీ శీతలీకరణ యంత్రాలు గదికి ఎంత దూరంలో ఉన్నాయి? మంచు పడే ప్రాంతాల్లో వసంతకాలం తెల్లవారుజామున లేత చిగుళ్లు మాడిపోకుండా పెద్ద పంకాలు తిప్పుతారు. పైనున్న వెచ్చని గాలిని అవి కిందికి తోస్తాయి, మోత మాత్రం చాలా గట్టిగా ఉంటుంది. వేసవిలో పడమటి గదికి సాయంత్రపు ఎండ తప్పదు.

అపోహ: వైన్ ద్రాక్ష పుల్లగా ఉంటుంది, అయినా ఒకటో రెండో తెంపుకుంటే తప్పేముంది?

వాస్తవం: నిజానికి తినే ద్రాక్షకన్నా తీపి ఎక్కువ. కోతకొచ్చేసరికి చక్కెర సుమారు 22–25 బ్రిక్స్‌కు చేరుతుంది. అంటే వంద గ్రాముల రసంలో దాదాపు అన్ని గ్రాముల చక్కెర. కాయ చిన్నది, తొక్క మందం, గింజలు ఎక్కువ, అంతే తేడా. అడగకుండా మాత్రం తెంపకండి. బూడిద తెగులుకు గంధకం, బూజు తెగులుకు బోర్డో మిశ్రమం లాంటివి చల్లుతారు. సేంద్రియ తోటల్లోనూ వీటిని వాడతారు. మందు కొట్టాక కొంత సమయం వరకు లోపలికి వెళ్లకూడదు, కాబట్టి నడకకు బయల్దేరే ముందు రిసెప్షన్‌లో అడగండి. వేరే తోటలో తిరిగిన బూట్లయితే మట్టి పూర్తిగా కడిగి తెచ్చుకోండి. 19వ శతాబ్దం రెండో సగంలో ఐరోపా తోటలను నాశనం చేసిన ఫిల్లోక్సెరా పురుగు మట్టితోపాటు కూడా ప్రయాణిస్తుంది.

అపోహ: రోజుకు నాలుగైదు వైనరీలు తిరగొచ్చు.

వాస్తవం: రెండు చాలు. ఒక్కో టేస్టింగ్‌లో (వైన్లు రుచి చూపించే విడతలో) సాధారణంగా ఐదారు వైన్లు, ఒక్కోటి 30–50 మి.లీ. పోస్తారు. 50 చొప్పున ఐదు తాగితే 250 మి.లీ., అంటే 750 మి.లీ. సీసాలో మూడో వంతు, అదీ ఒక్కరికే. మూడోచోటికి చేరేసరికి నాలుక మొద్దుబారి ఏ రుచీ తెలియదు. ఇద్దరికీ కలిపి ఒకే సెట్ ఇస్తారేమో అడగండి. రుచి చూసిన వైన్ ఉమ్మే పాత్ర పెట్టేది వాడుకోవడానికే, అందులో అమర్యాద లేదు. ఆ రోజు సెంటు పూసుకోకండి, మీ ఇద్దరికే కాదు, పక్కవారికీ వాసనలు తెలియవు. పల్లెల్లో ట్యాక్సీ వెంటనే దొరకదు. కారు నడిపేవారు చుక్క కూడా ముట్టకూడదు, లేదా ముందురోజే హోటల్ వాహనం చెప్పి ఉంచుకోవాలి.

అపోహ: వైన్ అంటే ద్రాక్షరసమే, శాకాహారమే.

వాస్తవం: అన్నీ కావు. తేటపరచడానికి గుడ్డు తెల్లసొన, పాల కేసిన్, చేప తిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ వాడే వైనరీలున్నాయి, బెంటోనైట్ బంకమట్టి వాడేవీ ఉన్నాయి. అడిగితే చెబుతారు. వంటగదికి కూడా ‘శాకాహారులం’ అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. గుడ్డు, చేప, మాంసం ఉడికించిన నీళ్లతో చేసే సూప్, దూడ కడుపు నుంచి తీసి పాలు గడ్డకట్టించడానికి వాడే జంతు రెన్నెట్‌తో చేసిన చీజ్, వీటిలో ఏది తింటారో ఏది తినరో విడివిడిగా, రెండు మూడు రోజుల ముందే రాయండి.

అపోహ: కొన్న సీసాలు కారు డిక్కీలో భద్రం.

వాస్తవం: ఎండలో నిలిపిన కారులో వైన్ వ్యాకోచించి బిరడాను పైకి తోస్తుంది, రుచి ఉడికినట్టు మారుతుంది. వెళ్లే రోజు వరకు హోటల్ సెల్లార్‌లో పెట్టమనండి. విమానంలో చెక్-ఇన్ సామానులోనే వేయండి. 24 శాతం లోపు ఆల్కహాల్ ఉన్నవాటికి విమాన భద్రతా నిబంధనల్లో పరిమాణ పరిమితి లేదు. కస్టమ్స్ పరిమితి మాత్రం దేశానికో తీరు, కొనేముందే చూసుకోండి.