రికార్డులో తగ్గించిన బేస్‌ని తిరిగి రప్పించడం

టర్న్‌టేబుల్ వైర్లు తీసుకెళ్లి తిన్నగా ఆంప్లిఫయర్ ఆక్స్ సాకెట్‌లో పెట్టి చూడండి. వాల్యూమ్ చివరిదాకా తిప్పినా పాట పక్కింట్లో మోగుతున్నట్టే ఉంటుంది. అంతకన్నా వింతేమిటంటే, తబలాలో గుమ్మనే మోత ఉండదు, ‘స’ అక్షరం మాత్రం చెవిలో గుచ్చుకుంటుంది. మొదటి జబ్బుకి మధ్యలో ఇంకో ఆంప్లిఫయర్ ఏదైనా చాలు. రెండోదానికే ఫోనో ప్రీఆంప్ కావాలి, అంటే సిగ్నల్‌ని పెంచుతూనే రికార్డు కోసినప్పుడు చేసిన మార్పుల్ని సరిదిద్దే చిన్న సర్క్యూట్.

బేస్‌ని, అంటే లావాటి శబ్దాలని, ఉన్నదున్నట్టు రికార్డు మీద కోస్తే గాడి అటూ ఇటూ బాగా ఊగి పక్క గాడిలోకి దూసుకుపోతుంది. పోనీ గాళ్లని ఎడంగా పెడదామంటే పాట పట్టే టైమ్ తగ్గిపోతుంది. అందుకే బేస్ తగ్గించి కోస్తారు. సన్నటి శబ్దాలను పెంచి కోస్తారు. వినేటప్పుడు వాటిని తగ్గిస్తే గాడిలోని ‘స్‌స్’ రొద కూడా వాటితోపాటే తగ్గుతుంది. ఒకప్పుడు ఈ హెచ్చుతగ్గులు కంపెనీకో రకం. 1954లో ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం) లెక్క వచ్చాక ఈ పెంపు, తగ్గింపు తీరు మారే చోట్లు, 50, 500, 2122 హెర్ట్జ్ అనే మూడు మలుపులు ఖాయమయ్యాయి. ఈ లెక్కన ప్రీఆంప్ 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్‌ని 9 రెట్లు పెంచాలి, 20,000 హెర్ట్జ్‌ని దాదాపు పదో వంతుకి దించాలి.

కాట్రిడ్జ్ అంటే ముల్లు కదలికని కరెంటుగా మార్చే ముక్క. మామూలుగా ఉండే మూవింగ్ మాగ్నెట్ రకం ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. మనకి కావలసింది అర వోల్టు, అంటే 100 రెట్లు. (తాతగారి సూట్‌కేస్ ప్లేయర్‌లో క్రిస్టల్ కాట్రిడ్జ్ ఉంటే ఈ తంటా లేదు. అది వందల మిల్లీవోల్టులు ఇస్తుంది, బేస్ కూడా చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది.)

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి 5532 ఐసీ అడగండి. ఎనిమిది కాళ్ల ఆ చిప్‌లో రెండు ఆంప్లిఫయర్లుంటాయి, ఎడమకొకటి, కుడికొకటి. కాట్రిడ్జ్ వైరు 3వ కాలికి వెళ్తుంది, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 47 కిలోఓమ్‌ల రెసిస్టర్. అసలు కిటుకు 1వ కాలి నుంచి 2వ కాలికి వెనక్కి వచ్చే దారిలో ఉంది. 560 కిలోఓమ్‌ల రెసిస్టర్‌కి అడ్డంగా (రెండు కొసలూ కలిపి) 5.6 నానోఫారడ్ కెపాసిటర్, దాని తర్వాత 47 కిలోఓమ్‌లకి అడ్డంగా 1.5 నానోఫారడ్. 2వ కాలి నుంచి గ్రౌండ్‌కి 560 ఓమ్‌లు, 47 మైక్రోఫారడ్ ఒకదాని వెనక ఒకటి. బేస్ వచ్చినప్పుడు ఆ చిన్న కెపాసిటర్లు మూసిన తలుపుల్లాంటివి. సిగ్నల్ పెద్ద రెసిస్టర్లోంచే రావాలి కాబట్టి వెనక్కి తక్కువ చేరుతుంది. వెనక్కి వచ్చేది ఆంప్లిఫయర్‌కి కళ్లెంలాంటిది, అది తగ్గితే గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తలుపులు తెరుచుకుంటాయి, గెయిన్ పడిపోతుంది. మూడు మలుపులూ వెనక్కి వచ్చే దారిలోని ఆ రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లలోనే ఉన్నాయి. ఔట్‌పుట్‌లో 2.2 మైక్రోఫారడ్ మరవకండి, డీసీ (ఊగకుండా నిలకడగా ఉండే కరెంటు) బయటికి పోకూడదు. రెండో చానెల్‌కి 5, 6, 7 కాళ్లతో ఇదే వరస.

కెపాసిటర్ మీద 562 అని ఉంటే 56 పక్కన రెండు సున్నాలు, 5600 పికోఫారడ్‌లన్నమాట. ఇక్కడ పాలిస్టర్ రకమే కొనండి. చవకగా దొరికే సిరామిక్ బిళ్లల విలువ వేడికి మారిపోతుంది, కొన్నైతే వేలితో తట్టినా స్పీకర్‌లో టక్కుమంటాయి.

కరెంటుకి రెండు 9 వోల్టుల బ్యాటరీలు పెట్టాను. ఐసీ తాగేది 8 మిల్లీయాంపులే. పైగా మన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్, సరిగ్గా ప్రీఆంప్ బేస్‌ని లేపే చోటు. అక్కడ గెయిన్ 100 కాదు, దాదాపు 700. ఇన్‌పుట్ వైరు పట్టుకొచ్చే హమ్ ఎంత చిన్నదైనా తుమ్మెద మోతవుతుంది.

బ్యాటరీలు పెట్టినా నాకు ఆ మోత తప్పలేదు. టంకం మళ్లీ వేశాను, ఐసీ మార్చాను, ఓ ఆదివారమంతా పోయింది. చెయ్యి ప్రీఆంప్ ఉన్న డబ్బాకి తగిలినప్పుడల్లా మోత తగ్గుతోందని సాయంత్రానికి గమనించాను. టర్న్‌టేబుల్ వెనక నుంచి ఒక సన్నటి ఎర్త్ వైరు నేల మీద వేలాడుతోంది. దాన్ని డబ్బా స్క్రూకి బిగించాక ఇక మిగిలింది దుమ్ము టిక్కుటిక్కులే. వాటికి బ్రష్ కొనాలి.