ఫెటా చీజ్ గురించి అపోహలు - వాస్తవాలు: ఆ ఉప్పు నీళ్లు పారబోయకండి

ఆరేళ్లుగా అమెరికాలో ఒక స్టోర్‌లో చీజ్ కౌంటర్ చూసుకుంటున్నాను, మన తెలుగువాళ్లు ఈమధ్య ఫెటా (ఉప్పు నీళ్లలో ఊరబెట్టే గ్రీసు తెల్ల చీజ్) బాగానే కొంటున్నారు, డౌట్లూ అడుగుతున్నారు. ఎక్కువగా వినేవి రాస్తున్నా.

అపోహ: డబ్బాలో ఉన్న నీళ్లు వంచేసి మంచినీళ్లు పోసి పెట్టాలి.

వాస్తవం: దయచేసి ఈ పని మాత్రం చేయకండి. మొన్నామధ్య ఒకావిడ డబ్బా వెనక్కి తెచ్చారు, మూత తీస్తే ముక్క అంచులన్నీ కరిగిపోయి ముట్టుకుంటే వేలికి జిగురుగా అంటుకుంటోంది. అడిగితే పనీర్‌కి పోసినట్టే ఫిల్టర్ నీళ్లు మార్చి పోశానన్నారు. ఆవిడ తప్పేం లేదండీ, పనీర్‌కి అలవాటైన చెయ్యి అది. కానీ పనీర్‌లో ఉప్పుండదు, రెండు మూడు రోజుల్లో వండేస్తాం. ఫెటా ఉప్పు నీళ్లలోనే ఊరి తయారయ్యేది, గ్రీసు రూల్ ప్రకారం కనీసం 2 నెలలు ఊరాలి. అందులోకి మంచినీళ్లు పోస్తే ముక్కలోని ఉప్పు, కాల్షియం బయటికొచ్చేసి నీళ్లు లోపలికి పోతాయి, ముక్కని పట్టి ఉంచేదే ఆ కాల్షియం, అది పోయాక ఇంకేం నిలబడుతుంది! ఆవకాయలో ముక్కల మీదికి నూనె తేలకపోతే మనం ఊరుకోం కదా, ఇదీ అంతే, ముక్క పూర్తిగా మునిగి ఉండాలి.

అపోహ: నీళ్లు లేని ప్యాకెట్ కొంటే ఇక చేసేదేం లేదు.

వాస్తవం: ఆ ఉప్పు నీళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. లీటరు నీళ్లు మరిగించి 70-80 గ్రాముల అయోడిన్ లేని ఉప్పు తూచి కలపండి, బాగా చల్లారాక కొంచెం వెనిగర్ వేయండి, ఫెటాకి పులుపుంటుంది కాబట్టి నీళ్లకీ ఉంటే ముక్క మెత్తబడదు. గాజు సీసాలో పోసి ముక్క ముంచి ఫ్రిజ్‌లో పెట్టండి. పొడి చేసి అమ్మేది మాత్రం ఇందులో వేయకండి, అది అంటుకోకుండా స్టార్చ్ లాంటివి కలుపుతారు.

అపోహ: ఉప్పగా ఉంది కాబట్టి బయటున్నా పాడవదు.

వాస్తవం: లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఆ ఉప్పులోనూ బతుకుతుంది. 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లోనే ఉండాలి, శుభ్రమైన పొడి స్పూన్‌తోనే తీయాలి, బూజు కనిపిస్తే ఆ మేరకు కోసేసి తినడం కాదు, మొత్తం పడేయండి. కడుపుతో ఉన్నవాళ్లు పాశ్చరైజ్డ్ అని రాసి ఉంటేనే తీసుకోండి, ఇది నేను కౌంటర్ దగ్గర ప్రతిసారీ చెప్తాను. ఉప్పు ఎక్కువనిపిస్తే తినబోయే ముక్క వరకే కాసేపు నీళ్లలోనో పాలలోనో వేసి తీయండి.

అపోహ: తెల్లగా ఉన్న ఏ చీజైనా ఫెటానే.

వాస్తవం: యూరప్‌లో 2002 నుంచి ఆ పేరు గ్రీసుకే సొంతం, డెన్మార్క్ వాళ్లు బయటి దేశాలకి అదే పేరుతో పంపుతుంటే 2022లో యూరప్ కోర్టు తప్పని తేల్చింది. అసలు ఫెటాలో గొర్రె పాలు కనీసం 70 శాతం, మిగతాది మేక పాలు. గొర్రెలు, మేకలు గడ్డిలోని పసుపు రంగు కెరోటిన్‌ని విటమిన్ ఎ గా మార్చేస్తాయి, అందుకే అంత తెలుపు. అమెరికాలో ఆవు పాలదీ ఫెటా పేరుతోనే దొరుకుతుంది, తినడానికి బానే ఉంటుంది గానీ ఆ ఘాటు, ఆ వెన్నదనం రావు.

అపోహ: పాలతో చేసిందే కదా, శాకాహారమే.

వాస్తవం: ఫెటాకి పాలు తోడుపెట్టాక రెన్నెట్‌తో గడ్డకట్టిస్తారు, సంప్రదాయంగా అది గొర్రెపిల్ల, మేకపిల్ల కడుపులోంచి తీసేది. ఇప్పుడు వెజిటేరియన్ రెన్నెట్‌తో చేసేవీ ఉన్నాయి, లేబుల్ మీద ఆ మాట ఉందో లేదో చూసుకుని కొనండి.