తూకం రాకపోతే తప్పు లైనక్స్‌దేనా? సీరియల్ పోర్టుపై అపోహలు - వాస్తవాలు

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలు కానీ, రాజాం, బొబ్బిలి వైపు రైసుమిల్లులు కానీ, వేబ్రిడ్జిని (లారీల కాటాని) కంప్యూటర్‌కి కలిపిన చోట మధ్యలో ఉండేది చాలావరకు బిట్లని ఒకదాని వెంట ఒకటి పంపే సీరియల్ కేబులే. పాత సిస్టమ్ తీసేసి ఉబుంటు లైనక్స్ ఎక్కించాక గుమస్తాల నుంచి వచ్చే ఫోను ఒకటే: "ఏటి బాబూ, బాక్సులో తూకం అవుపిస్తంది గానీ కంప్యూటర్లోకి రావట్నేదు." ధాన్యం సీజన్లో బయట లారీలు వరసకట్టి ఉంటాయి కాబట్టి ఎవరికి తోచిన వైద్యం వాళ్లు చేసేస్తారు. ఆ వైద్యాల్లో సగం అపోహలే.

అపోహ: పిచ్చి అక్షరాలు వస్తే బాడ్ రేటు తప్పినట్టే.

బాడ్ రేటు అంటే డేటా పంపే, చదివే వేగం. అది తప్పితే దాదాపు అంతా చెత్తగానే వస్తుంది. కొన్ని అంకెలు శుభ్రంగా, కొన్ని పాడై వస్తుంటే మాత్రం బాడ్ రేటు జోలికి పోకండి. 0, 3, 5, 6, 9 బాగుండి, 1, 2, 4, 7, 8 మాత్రమే చెడుతున్నాయా? అది పారిటీ గొడవ, అంటే అక్షరం సరిగా వచ్చిందో లేదో చూడటానికి చివర కలిపే ఒక బిట్టు గొడవ. కాటా 7 బిట్లు, ఈవెన్ పారిటీతో (ఒకట్ల మొత్తం సరిసంఖ్య అయ్యేలా) పంపుతోంది, మీ పోర్టేమో పారిటీ లేకుండా 8 బిట్లు చదువుతోంది. అక్షరాలకి, అంకెలకి వాడే 7 బిట్ల ఆస్కీ కోడులో మొదటి జట్టు అంకెలకి ఒకట్లు సరిసంఖ్యలో ఉంటాయి. పారిటీ బిట్టు సున్నాయే కాబట్టి అంకె చెక్కుచెదరదు. రెండో జట్టుకి బేసిసంఖ్య, అందుకని పారిటీ బిట్టు 1 అయి ఎనిమిదో బిట్టు స్థానంలో కూర్చుంటుంది. ఖాళీ లారీ 9350 కిలోలు తూగితే అచ్చం అలాగే వస్తుంది. అదే లారీ లోడుతో 27180 తూగితే చివరి సున్నా తప్ప ఏదీ మిగలదు. "ఖాళీకి పనిచేస్తంది, లోడుకి పన్జెయ్యదు" అనగానే కాటాలో బరువు కొలిచే లోడ్‌సెల్ విప్పేవాళ్లున్నారు! పోర్టు సెట్టింగులు మార్చే ఎస్‌టీటీవై (stty) కమాండులో సీఎస్7, పేరెన్‌బీ, మైనస్ పేరాడ్ (cs7 parenb -parodd) ఇస్తే సరిపోతుంది.

అపోహ: రేటు, పారిటీ కుదిరాయంటే డేటా రావాల్సిందే.

నా లెక్కలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. లైనక్స్‌కి నమూనా అయిన యూనిక్స్ దృష్టిలో కేబులుకి అవతల ఉన్నది కాటా కాదు, కీబోర్డు ముందు కూర్చున్న మనిషి. అందుకే మామూలుగా లైను పూర్తయ్యేదాకా ఆగుతుంది, వచ్చిన అక్షరాన్ని తిరిగి అవతలికి ఎకో చేస్తుంది, కొన్ని కోడ్లని కంట్రోల్ కీలుగా తీసుకుంటుంది. తూకానికి ముందు ఎస్‌టీఎక్స్ అనే 2వ కోడు, చివర ఈటీఎక్స్ అనే 3వ కోడు పంపే కాటాలున్నాయి. ఆ 3 అంటే యూనిక్స్‌కి కంట్రోల్-సీ, అంటే నడుస్తున్న పని ఆపమనే కీ. అది రాగానే కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) అప్పటిదాకా పోగైన అక్షరాలన్నీ పారబోస్తుంది. తూకం కంప్యూటర్ దాకా వచ్చి కూడా మీ ప్రోగ్రాముకి అందదు. వచ్చిన కోడ్లని ఉన్నవున్నట్టు ప్రోగ్రాముకి ఇచ్చే రా మోడ్ పెట్టండి. ఒక్క మెలిక: ఎస్‌టీటీవైలో రా అన్నంత మాత్రాన ఎకో ఆగదు, మైనస్ ఎకో విడిగా ఇవ్వాలి.

అపోహ: పర్మిషన్ డినైడ్ అంటే సీహెచ్‌మాడ్ 777 కొట్టడమే.

అది అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే కమాండు. కానీ కేబులు పీకి పెడితే పోర్టుకి గుర్తుగా ఉండే డివైస్ ఫైలు కొత్తగా పుడుతుంది, మీ 777 పోతుంది. ఉబుంటులో యూజర్‌ని సీరియల్ పోర్టు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వండి.

అపోహ: యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ లైటు వెలిగిందంటే కేబులు బాగున్నట్టే.

కంప్యూటర్ వైపు 9 పిన్నుల కనెక్టర్లో 2, 3 పిన్నుల్ని చిన్న తీగముక్కతో కలిపి, మినీకామ్ అనే టెర్మినల్ ప్రోగ్రాములో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆపేసి టైపు చేయండి. అక్షరాలు తిరిగొస్తే కన్వర్టర్, డ్రైవర్ బాగున్నట్టు. అప్పుడే కాటా వైపు నడవండి.

అపోహ: పోర్టు పేరు ఎప్పుడూ టీటీవైయూఎస్‌బీ0.

రెండు కన్వర్టర్లుంటే ఏది ముందు దొరికితే అదే సున్నా. కన్వర్టర్ గుర్తింపుని బట్టి వచ్చే బై-ఐడీ పేరు వాడుకోండి. చౌకరకం సీహెచ్340 చిప్పు కన్వర్టర్లకి సాధారణంగా సీరియల్ నంబరు ఉండదు, అలాంటివి రెండుంటే యూఎస్‌బీ సాకెట్‌ని బట్టి వచ్చే బై-పాత్ పేరే దిక్కు. ఉబుంటు 22.04లో ఇంకో తంటా ఉంది. బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం పెట్టిన బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాము సీహెచ్340ని తనదనుకుని లాగేసుకుంటుంది. పోర్టు ఇలా కనబడి అలా మాయమవుతుంది. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) కమాండులో ఆ పేరు కనిపించి, ఆ కంప్యూటర్ మీద బ్రెయిలీ వాడేవాళ్లెవరూ లేకపోతే ఆ ప్యాకేజీ తీసేసి కేబులు మళ్లీ గుచ్చండి.